చరణానికొక ముద్ద

సహోదరులారా, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు ఒక మధ్యాహ్నం గురజాల దగ్గర గనిలో నాపరాళ్ళు కొడుతూ సుత్తి దించి చెమట తుడుచుకుంటుంటే, నా చెవి పక్కనే ఒక మనిషి మాట్లాడాడు, తిరిగి చూస్తే బండలు తప్ప ఎవరూ లేరు. గనిలో అందరినీ ఆటపట్టించేవాణ్ణి నేనే గనుక, ఎవడో నా మీద పగ తీర్చుకుంటున్నాడనుకొని రెండు రోజులు బండల వెనక వెదికాను! మూడో రోజు ఆ స్వరం మా ఇంటికే వచ్చింది.

“ఒరేయ్ ఏసోబూ, నీ పెళ్ళాం అన్నంలో ఇసం కలిపింది, తినబాక.”

నా భార్య పేరు మార్తమ్మ. పన్నెండేళ్ళు ఆమె చేతి అన్నం తిని బతికినవాణ్ణి, అయినా ఆ పూట కంచం తోసేశాను, ఆ తర్వాత చేలల్లో పెరికిన పచ్చి వేరుశనగకాయలే నా ఆహారం, రెండు నెలలకు పంచె కట్టుకుందామంటే నడుము దొరకలేదు. సంఘపెద్ద వచ్చి చూసి ఇది దయ్యమని తేల్చి, ఉపవాసంతోనే వదులుతుందని నాకు వారం రోజుల ఉపవాసం విధించారు. తినవద్దని దయ్యం, తినవద్దని పెద్దయ్య! మా సంఘంలో అంతటి ఏకాభిప్రాయం నేను అంతకుముందు చూడలేదు.

నాలుగో రోజు నేను లేవలేకపోతే మార్తమ్మ ఆయనకు ఎదురు నిలిచింది.

“ఏంది పెద్దయ్యా, దయ్యం కంటే ముందు ఈయనే పోయేట్టున్నాడు! ప్రార్థన మీరు చేయండి, ఆసుపత్రికి నేను తీసకపోతా.”

“డాక్టర్లకి దయ్యాల సంగతి ఏం తెలుసమ్మా?”

“ఆకలి సంగతి తెలుసుగా!”

మిషను ఆసుపత్రి డాక్టరమ్మ నా గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి, స్వరం వచ్చినప్పుడు చెప్పమంది. వచ్చింది, చెప్పాను.

“నీ గొంతు కదులుతోంది ఏసోబూ” అంది. “నీ తలపే నీకు తెలియకుండా లోపల మాటై, పరాయివాడు మాట్లాడినట్టు వినిపిస్తోంది. ఇది జబ్బు. ఎందుకొస్తుందో పెద్ద వైద్యులే ఇంకా వెదుకుతున్నారు. ఏదీ, ఒక పాట పాడు.”

పాడాను. పాడినంతసేపూ ఆ స్వరం లేదు! ఆపగానే తయారు.

“అయితే చచ్చేదాకా పాడమంటారా అమ్మగారూ? వార్డంతా ఖాళీ అయిపోద్ది.”

“ఒళ్ళు చేసేదాకా పాడు చాలు. మద్రాసులో తలకు కరెంటు పెట్టే వైద్యముంది, కొందరికి గుణమిస్తోంది. ఇలా ఎముకల గూడులా వెళితే వాళ్ళు నిన్ను ముట్టుకోరు.”

నోట్లో ముద్ద పెట్టుకొని పాడేదెలా? మార్తమ్మే దారి చూపింది. మా ఇళ్ళలో భోజనానికి ముందు ఒక చరణం పాడే అలవాటుంది గదా, ఆమె ముద్దముద్దకూ ఒక చరణం పెట్టింది, నమిలేటప్పుడు నోరు మూసుకొని రాగం తీయమంది. మింగే క్షణంలో మాత్రం రాగం ఆగిపోతుంది, ఆ సందులో స్వరం దూరుతుంది, అక్కడ ప్రార్థన తప్ప నాకు దిక్కులేదు.

“ప్రభువా, ఈ ముద్దలో విషముంటే నీ దగ్గరికొస్తాను, లేకుంటే ఈమె దగ్గరే ఉంటాను. రెండూ మంచి చోట్లే, నువ్వే తేల్చు!”

మింగాను. మార్తమ్మ దగ్గరే ఉన్నాను. దేవునికే మహిమ!

ఒక్క కంచానికి పాటల పుస్తకం సగమయ్యేది, అలా ఆరు నెలలు తిని, మద్రాసు వెళ్ళి, కరెంటు పెట్టించుకొని వచ్చాను. స్వరం పూర్తిగా పోయిందని మీతో అబద్ధమాడను, ఇప్పుడది పక్క ఊరి సంత గోలలా దూరంగా ఉంటుంది, మాటలు తెలియవు. మా పెద్దయ్య కూడా ఎవరికైనా ఉపవాసం విధించే ముందు “అన్నం తింటున్నాడా?” అని అడుగుతున్నారు.

సహోదరులారా, మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే కట్టేయవద్దు, పస్తు పెట్టవద్దు, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, దారి పొడుగునా ప్రార్థించండి. మన దేవుడు డాక్టరమ్మ వేళ్ళనూ వాడుకుంటాడు, ఇల్లాలి మొండితనాన్నీ వాడుకుంటాడు. ఆ జబ్బు మనిషివి నువ్వే అయితే, తమ్ముడా, ఆయన్ని నమ్మి మొదటి ముద్ద మింగు. రెండోది అంత కష్టం కాదు.