సర్వే పత్రాలకు మార్కులు

రిటైర్మెంట్‌కు ముందు ఏడాది నవంబరులో, జనగామ స్టాఫ్ రిపోర్టర్‌గా ఉన్నప్పుడు డెస్క్ నాకొక పని అప్పగించింది. బడి వాతావరణానికీ పిల్లల మానసిక ఆరోగ్యానికీ ఉన్న సంబంధంపై పలు దేశాల్లో సర్వే జరుగుతోంది. నర్మెట్ట వైపున్న ఒక ఉన్నత పాఠశాలను కూడా అందుకు ఎంచుకున్నారు. దానిపై జిల్లా పేజీకి బాక్స్ ఐటం, అంటే చుట్టూ గీత గీసి వేసే చిన్న వార్త, పంపాలి.

పిల్లలంతా సంతోషంగా ఉన్నట్టు రాశారని హెడ్మాస్టర్ చెప్పారు. పత్రాలు చూపమని నేను అడగలేదు. ఆయన ఇచ్చిన టీ తాగి వచ్చేశాను. 'విదేశాలకు దీటుగా మన బడి' అని అచ్చయింది.

మూడో రోజు తండా నుంచి ఒకామె, తొమ్మిదో తరగతి చదివే కూతురు అనితను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

"పేపర్ల గీ వార్త మీరే రాసిండ్రా సారూ? మా పిల్ల ఇగ బడికి పోదట. నాతోని పత్తి ఏరనీకి వస్తదట" అంటూ ఒక నోట్‌బుక్ నా ముందు పడేసింది. అందులో 'నాకు మా బడి చాలా ఇష్టం' అని యాభైసార్లు రాసి ఉంది.

సర్వే పత్రంలో 'బడిలో నేను పరాయిదాన్ని అనిపిస్తుంది' అన్న వాక్యానికి అనిత 'ఎప్పుడూ' అని టిక్కు పెట్టిందట. ఇంట్లో లంబాడీ మాట్లాడే ఈ పిల్ల పాఠం చదివితే తరగతంతా నవ్వుతుంది. క్లాస్ టీచర్ పత్రాలన్నీ తీసుకుని, యూనిట్ టెస్టులా ఎర్రపెన్నుతో దిద్ది, ఈమెకు ఇరవైకి నాలుగు వేశారు. యాభైసార్లు రాయడం ఆ తప్పుకు శిక్ష.

మళ్లీ బడికి వెళ్లాను. క్లాస్ టీచర్‌కు తప్పేమిటో అర్థమే కాలేదు.

"జవాబులు బోర్డు మీద రాసిచ్చినా తప్పే పెట్టింది సార్. దిద్దొద్దా మరి?"

"జర మీరన్న సమజ్ చేసుకోండ్రి. వేరే దేశాలతోని పోటీ గదా, బడి ఇజ్జత్ పోదా?" అన్నారు హెడ్మాస్టర్.

ఆ పిల్లకు అలా ఎందుకనిపించిందో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. మొదటిరోజు నేనూ అడగలేదు.

సర్వేవాళ్లకు ఫోన్ చేశాను. ఆ పత్రాలు రద్దు చేసి, ఈసారి వాళ్లే వచ్చారు. తల్లి బతిమాలి అనితను ఆ ఒక్కరోజుకు పంపింది. టీచర్లను వరండాలో నిలబెట్టారు, పక్కన నన్నూ. లోపలి నుంచి అనిత గొంతు వినిపించింది.

"మేడం, గిది ఎన్ని మార్కులకు?"

మార్కులు లేవన్నారు. "మా సార్ చూస్తడా?" చూడరన్నారు. అప్పుడు పెన్ను తీసింది.

ఆమె మర్నాడూ బడికి వెళ్లిందని తర్వాత వాకబు చేస్తే తెలిసింది. నేను పంపిన సవరణ వార్తను డెస్క్ నాలుగు లైన్లకు కుదించింది. నవ్వులు ఆగాయా అన్నది ఆ నాలుగు లైన్లలో లేదు; నేనూ కనుక్కోలేదు. ఆ తర్వాత ఏ సర్వే ఫలితం చేతికొచ్చినా, జవాబులు రాసేటప్పుడు గదిలో ఎవరున్నారని ముందు అడిగేవాణ్ణి. అది తెలియందే వార్త పంపలేదు.