మేస్త్రికి పెట్టిన కొత్త పంచె

పుంగనూరులో మా పక్కిల్లు సరోజమ్మది. బడిలో పిల్లలకు వండిపెట్టి, మొగుడు పోయినా జంకకుండా, ఒంటిచేత్తో కట్టుకున్న ఇల్లు. గృహప్రవేశం రోజు మేస్త్రి చెంగల్రాయుడిని పీట మీద కూర్చోబెట్టి, కొత్త పంచె పెట్టి, "అన్నా" అని అందరి ముందూ కాళ్లకు మొక్కింది. అప్పటి నుంచి అతని మాట ఆమెకు వేదం.

ఇంటికంతా పేరు తెచ్చింది మాత్రం బాత్రూమ్ వాసన. ఎందుకొస్తోందని మేస్త్రిని అడిగితే ఆ పెద్దమనిషి తీరిగ్గా కాఫీ తాగి కోడలి వైపు చూసేవాడు.

"కడిగేవాళ్లు సరిగ్గా కడిగితే యాల వస్తాదమ్మా?"

ఇక కోడలు కుసుమకు పూటపూటా అక్షింతలే. చివరికి ఆమె, మొగుడు మధుసూదన్ మదనపల్లెలో అద్దెకు దిగారు. బాత్రూమ్ మార్పిస్తేనే తిరిగొస్తామని కొడుకు తేల్చేశాడు.

సరోజమ్మ నడుం కట్టింది. వేరే మేస్త్రీలను, ఊళ్లోవాణ్ణొకణ్ణి, మదనపల్లె నుంచి ఒకణ్ణి, కుప్పం నుంచి మల్లప్పను పిలిచి చూపించింది. మొదటి ఇద్దరిదీ ఒకటే మాట. పాత టైల్స్ మీదే కొత్తవి అంటిద్దాం, నేల పగలగొట్టే పని లేదు. మల్లప్ప మాత్రం పగలగొట్టకుండా పని ముట్టుకోనన్నాడు.

"లోపల ఏముండాదో సూడకుండా పైన సోకులు సేస్తే వాసన పోతాదామ్మా?"

పని పెంచుకోవడానికి ఎత్తు వేస్తున్నాడని సరోజమ్మకు అనుమానం. "తక్కిన ఇద్దరూ చెంగల్రాయుడి దగ్గర తాపీ పట్టినోళ్లే కదా, గురువు పనిని తవ్వుతామంటారా?" అన్నాను. నా మీద ఇంతెత్తున లేచింది. రెండు రోజులు మాటల్లేవు. కానీ వాసన పోతే గానీ కోడలు రాదు. మల్లప్పకే ఫోన్ చేసింది.

నేల పగలగొట్టగానే గుప్పుమంది. నీళ్లు పోయే పైపు గది కిందే ఆగిపోయింది. దానికెదురుగా బండ. ఇన్నేళ్ల స్నానాల నీళ్లు అక్కడే మట్టిలో కుళ్లుతున్నాయి. బయట కాలువ మీదికి కనిపించేది ఉత్త పైపు ముక్క, గోడలోకి జానెడు దూర్చి సిమెంటు పూసింది.

కబురు పెడితే చెంగల్రాయుడు వచ్చాడు. సిగ్గన్నా పడలేదు.

"బండ తగిలింది. నీ ముహూర్తం సూస్తే దగ్గిర పడె. నన్నేం సెయ్యమంటావు?"

"ఆ పొద్దే చెప్పుంటే ముహూర్తం మార్చుకుందును కదన్నా! అంతా తెలిసీ నా చేత కాళ్లు మొక్కించుకుంటివే!"

 నాకు ఒళ్లు మండి, అతన్ని ముందు బయటికి నడవమన్నాను.

ఆ సాయంత్రం సరోజమ్మ నా ముందే స్పీకర్ పెట్టి కుసుమకు ఫోన్ చేసింది.

"మేస్త్రి నన్ను మోసం సేసినాడమ్మా. పైపు కాలవదాకా పోనే లేదంట. నీ తప్పేం లేదు. మీరిద్దరూ వచ్చేయండి."



"బయట పైపులో సుక్క నీళ్లు రావడంలేదని నేను కాపరానికొచ్చిన ఏడే చెప్పినా కదత్తా. వచ్చి సూడమని చెయ్యి పట్టుకుంటే, మా అన్నను దొంగంటావా అని తోసేస్తివి."

"అప్పుడు నాకు తెలీలేదమ్మా..."

"కుప్పం నుంచి ఎవరో వచ్చి చెప్తే నమ్మినావు. ఇంట్లో ఉండే నన్ను నమ్మలేదు. బాత్రూమ్ బాగా కట్టించుకో అత్తా. మేము ఈడే ఉంటాం."