వెనక మెట్టు దగ్గర చాచా

కర్నూల్లో మా పక్కింటి చాచా పోయారని మొన్న శుక్రవారం పొద్దున చాచీ ఫోన్ చేసి చెప్పింది. నేను కడపలో టీచర్ని, బడికి తయారవుతున్నాను. బయల్దేరి వెళ్లేసరికి మట్టి ఇచ్చేశారు.

చాచా హైదరాబాదులో సిటీ బస్సు కండక్టరుగా చేసి, రిటైరయ్యాక సొంతూరు వచ్చారు. నాకు ఉర్దూ అక్షరాలు నేర్పింది ఆయనే. బస్సు బోర్డుల మీది పేర్లన్నీ పలక మీద రాసి చదివించేవారు. అయినా బస్సెక్కమంటే ముఖం తిప్పుకునేవారు. పక్కనున్న ఓర్వకల్లు పోవాలన్నా అల్లుడి బండి మీదే. వీధిలో ఎవరు ఆటో ఎక్కుతున్నా, "నిదానమప్పా, రెండు కాళ్లూ లోపల పెట్టు!" అని కేకేసేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

పోయిన చలికాలం కళ్లు చూపించడానికి ఆయన్ని రైల్లో హైదరాబాదు తీసుకెళ్లాను. డాక్టరు సాయంత్రం రమ్మన్నాడు. దగ్గర్లోనే పాత సిటీ బస్సుల మ్యూజియం ఉందంటే, సంతోషిస్తారని తీసుకుపోయాను. హాల్లో ఒక డబుల్ డెక్కర్ నిలబడి ఉంది. ఎక్కిన బడిపిల్లల్లో ఒకరు తాడు లాగారు. గంట మోగింది. చాచా నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"ఏమైంది చాచా?"

బెంచీ మీద కూర్చున్నాక చెప్పారు. "ఇట్లాంటి బండే బేటీ. ఒకాయమ్మ ఎక్కుతాండాది. ఒక కాలు ఇంకా కిందనే ఉండాది. నేను చూడకుండా తాడు లాగినా. బండి కదిలింది, ఆయమ్మ కింద పడింది. మూడో దినం పోయింది. ఆయమ్మే తొందరపడిందని పోలీసులు రాసుకున్నారు. నేను నోరు తెరవలేదు. మీ చాచీకి కూడా చెప్పలేదు. ఇప్పటికీ గంట ఇనపడితే ఆయమ్మ ఈడనే, నా ఎనకాలే నిలబడినట్టుంటాది."

"పోదాం చాచా" అన్నాను. ఆయన లేచి బస్సు వైపు నడిచారు.

మట్టి ఇచ్చిన మర్నాడు ఈ సంగతి చాచీకి చెప్పాను.

"నాకు తెలుసమ్మా. పెండ్లైన కొత్తల్లోనే తెలుసు. నిద్దట్లో 'చూసి ఎక్కమ్మా, చూసి ఎక్కు' అంటాండె. ఆయనే చెప్తాడని ఇన్నేండ్లు ఎదురుచూసినా" అంది. ఇదంతా రాయనా అని నేనడిగితే సరేనని తలూపింది.

ఆ రోజు మ్యూజియంలో చాచా డబుల్ డెక్కర్ వెనక మెట్టు పక్కన నిలబడి, ఎక్కేవాళ్లందరికీ చెయ్యి అందించారు. కాపలా మనిషి జరగమంటే, "ఎక్కనీప్పా" అన్నారు. పిల్లలు ఒక్కొక్కరే ఆ చెయ్యి పట్టుకుని ఎక్కారు. ఆఖరి పిల్ల కూడా లోపలికి వెళ్లిపోయింది.

"ఇంకెవరూ లేరు చాచా" అన్నాను.

ఆయన మెట్టు కిందికే చూస్తున్నారు. చాచిన చెయ్యి దించలేదు.