పక్కతెర వెనక నుంచి ముందు వరుసకు

హోసూరులో పగలు పేపరు విలేకరిగా పని చేస్తూ, సాయంత్రాలు ఒక నాటక సమాజానికి నాటకాలు రాసేవాణ్ణి. ప్రదర్శన రోజు పక్కతెర వెనక నిలబడి నటులకు మాట అందించేదీ నేనే. సమాజానికి పెద్ద, హోసూరు దగ్గరి జవళగిరి మనిషి; ఆయనదీ మా యాసే. కథానాయకుడి వేషం ఎప్పుడూ ఆయనదే. సంభాషణలు కంఠతా పట్టే అలవాటు మాత్రం లేదు. మొదటి ముక్క నేను అందిస్తే మిగతాది లాక్కుపోయేవాడు.

ఫ్యాక్టరీల్లో పనికి ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లతో హాళ్లు నిండటం మొదలయ్యాక, ఆయన మా నాటకాలన్నీ గుంటూరు తెలుగులోకి మార్పించాడు. మా హోసూరు యాస నౌకరు వేషానికే మిగిలింది. నౌకరు "యాడికప్పా?" అనగానే జనం నవ్వేవాళ్లు. ఏళ్ల తరబడి మేమే వాళ్లకు ఆ నవ్వు నేర్పాం.

కిందటేడు, చనిపోతూ కొడుకుతో మాట్లాడే తల్లి పాత్ర ఒకటి రాశాను. అవి మా అమ్మ ఆఖరి మాటలు, మా యాసలోనే. మత్తిగిరిలో రిహార్సల్ జరుగుతుంటే ఆయన చదివి పకపకా నవ్వాడు.

"ఏమప్పా, ఏడిపించేకి రాసినావా, నవ్వించేకా? ఈ మాటలు నౌకరోనికి ఇచ్చేయ్. బాగా పండుతాయి."

"అవి మాయమ్మ మాటలన్నా."

"అయితే ఏమి? మీయమ్మ ఏమన్నా మహారాణా?"

అందరూ నవ్వారు. ఇక అక్కడ ఉండకూడదని అప్పుడే తెలిసింది. ఎప్పుడు పోవాలన్నది తీరిగ్గా ఆలోచించాను. చేతిలో ఉన్న వార్తను ఏ రోజు వేయాలో పేపరు నాకు నేర్పింది.

తల్లి మాటలు కూడా గుంటూరు తెలుగులోకి మార్పించి, ఆ నాటకం కృష్ణగిరి ప్రదర్శనకు ఆయన పెద్దలందరినీ పిలిచాడు. మొదటి గంట కొట్టాక దగ్గరికి వెళ్లాను.

"అన్నా, నేను సమాజం ఇడిసిపెడతాండా."

"ఆట అయినంక మాట్లాడదాం పోప్పా."

"ఆట చూసేకే పోతాండా."

ముందు వరుసలో కూర్చున్నాను. నమ్మలేదు కాబోలు, తెర లేపించాడు.

తోటి నటుల ఆసరాతో ఎలాగో నెట్టుకొచ్చాక తల్లి మరణ ఘట్టం వచ్చింది. కొడుకు వేషంలో ఆయన పక్కతెర వైపు చూశాడు. అక్కడి నుంచి మాట అందలేదు. మళ్లీ చూశాడు. చివరికి తల్లి కాళ్లు పట్టుకుని, తనకు పుట్టుకతో వచ్చిన మాటే అన్నాడు.

"నన్నిడిసి యాడికి పోతావమ్మా?"

హాలు గొల్లున నవ్వింది. ఆయన ఏడ్చేకొద్దీ నవ్వు పెరిగింది. ఆ ఏడుపులో నటన లేదు. ఒక్కసారి నా వైపు చూశాడు.

నేను నవ్వలేదు. అన్నేళ్లలో ఆయన అంత బాగా చేయడం నేనెన్నడూ చూడలేదు. ఆ సంగతి ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు. చెప్పను కూడా.