గౌరి జ్వరం కోసం రాయపూర్

మా మేనత్త రాయపూర్ నుంచి పోస్టులో పంపిన స్లైడు మీది నెత్తుటి చుక్కను కాలేజీ మైక్రోస్కోపు కింద చూసి, "గౌరికేమీ లేదు, నిశ్చింతగా ఉండు" అని ఉత్తరం రాసేశాను. పదిహేను రోజులకి జవాబొచ్చింది: "మళ్లీ జ్వరం. అసలే చూడి గేదె. బుధవారం బేరగాడికి ఇచ్చేస్తున్నా." జువాలజీ ఎమ్మెస్సీ చదువుతూ, ఆ నెత్తురు ఏ రోజు తీశారని అడగనైనా లేదు నేను. ఇక ఇంట్లో కాలు నిలవలేదు. మంగళవారం సాయంత్రం విజయనగరంలో రైలెక్కాను.

తెల్లారి ఏడింటికి దిగాను. స్టేషన్ నుంచి అత్తయ్య ఉండే తెలీబంధాకి రిక్షా పది రూపాయలు. వానపడితే పన్నెండు అడుగుతారు. "గేదెను చూడ్డానికా ఇంత దూరం, దీదీ?" అని రిక్షా అతను దారంతా నవ్వాడు.

అత్తయ్య వేడి చీలా, అదే అక్కడి బియ్యప్పిండి అట్టు, చేతిలో పెట్టి పెరట్లోకి లాక్కెళ్లింది. "చూడవే, చెవి చల్లగా ఉంది. బాగున్నప్పుడే అమ్ముకోవాలి. ఐదింటికి బేరగాడొస్తాడు."

"ఆ స్లైడు కూడా ఇలా చల్లగా ఉన్నప్పుడే తీయించావా?"

"మరి ఒళ్లు కాలిపోతుంటే సూదితో పొడవమంటావా? పాపం కాదూ!"

తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది. ఇది జోరీగలు అంటించే సర్రా అయితే, ఆ జబ్బు పురుగులు నెత్తుట్లో ఈదుతుంటాయి. వాటి పైపొరను ఒళ్లు గుర్తుపట్టి చాలావాటిని చంపేస్తుంది, జ్వరం దిగుతుంది. ఈలోగా ఏ కొన్నో వేరే పొర తొడుక్కుంటాయి. ఒంటికి అవి కొత్త మొహాలు. అవి పెరిగితే మళ్లీ జ్వరం. చల్లబడిన రోజున చుక్కలో ఒక్కటీ కనబడకపోవచ్చు.

పోయిన జ్వరానికి తొమ్మిది రోజులైందట. మళ్లీ వచ్చే వేళే అనిపించి, కాసేపు ఆగమని అత్తయ్యను బతిమాలి కూర్చున్నాను. రెండింటికి ముట్టుకుంటే చెవి కాలిపోతోంది. అత్తయ్య మొహం తిప్పుకుంది, నేను పొడిచాను. స్లైడు ఆరబెట్టుకుని శంకర్ నగర్ వైపున్న పశువుల డాక్టరు దగ్గరికి పరుగు. రంగు వేసి చూసి, "ఎన్ని కావాలమ్మా? ఏరుకో!" అన్నాడాయన. వెంటనే వచ్చి మందు సూది వేశాడు. కడుపులో దూడ నిలుస్తుందో లేదో మాత్రం ఇప్పుడే చెప్పలేనన్నాడు.

ఐదింటికి బేరగాడు. "ఇవాళ కాదు భయ్యా, జ్వరం," అంది అత్తయ్య.

"నిన్న బాగుందన్నారుగా?"

"బాగున్నట్టు కనబడింది. అంతే."

తిరుగు రైల్లో హాయిగా నిద్రపట్టింది. దూడ సంగతి తెలియదు; కానీ జబ్బు గేదె మరొకరి కొట్టంలోకి వెళ్లలేదు, అత్తయ్యకి నా మీద కోపమూ లేదు. పుస్తకంలో మార్కుల కోసం బట్టీపట్టిన పేజీకి తోకా కొమ్ములూ ఉంటాయని ఈ ప్రయాణంలో తెలిసింది. మీరూ ఇలాంటి పనిమీద బయల్దేరుతుంటే ఒక్క మాట: జాలిపడి ఆగకండి, ఒళ్లు కాలుతున్నప్పుడే నెత్తురు తీయించండి.