పని నొప్పికి పనికిరాని బంతి

కోచ్ గారు జీవితంలో ఎవరికీ ఏ ఆటా నేర్పలేదు. లైసెన్సుల ఆఫీసులో దరఖాస్తుల మీద ముద్ర వేయడం ఆయన ఉద్యోగం. అందులో వ్యాయామమంటూ ఏదైనా దక్కితే అది కుడి మణికట్టుకే. అయినా మెట్ల మీద ఎదురైన ప్రతివారికీ ఊపిరి ఎలా పీల్చాలో, వెన్ను ఎలా నిలపాలో వివరించేవారు కనుక, ఆ మూడంతస్తుల భవనంలోని వాళ్లంతా ఆయనకు ఆ బిరుదు ఇచ్చి, వీలైనంత త్వరగా మెట్లు దిగిపోయేవారు.

ఆఫీసులో అయిదు కిలోమీటర్ల పరుగుపందెం పెడుతున్నారనగానే అందరికన్నా ముందు పేరిచ్చింది ఆయనే. బూట్లు కొనలేదు. పరుగు మొదలుపెట్టలేదు. బంతి తెప్పించారు. బత్తాయంత నల్లటి రబ్బరు బంతి. ఒంటినిండా బొడిపెలు, పొట్టలో మోటారు. మీట నొక్కితే గుర్రుమంటూ వణుకుతుంది. అలసిన కండరాలు దానితో తేరుకుంటాయని డబ్బా మీద రాసి ఉంది. రోజూ సాయంత్రం కోచ్ గారు దాన్ని వీపుకీ గోడకీ మధ్య ఇరికించుకుని, కళ్లు మూసుకుని, గంటసేపు పైకీ కిందికీ జారేవారు. వేగం పెంచినప్పుడు అలమరలో గ్లాసులు కూడా తేరుకునేవి.

కండ పెరిగేది పరుగెత్తేటప్పుడు కాదు, విశ్రాంతి తీసుకునేటప్పుడని ఆయన ఎక్కడో చదివారు. అందులో పరుగుకు సంబంధించిన భాగాన్ని తర్వాతికి వాయిదా వేసి, విశ్రాంతితో సాధన ఆరంభించారు.

పై అంతస్తులో ఉండే ఆయన అక్క ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయింది. ఆవిడ మామూలుగా మాట్లాడినా చివరి సీటుదాకా వినిపిస్తుంది.

"ఏం చేసొచ్చావని తేరుకుంటున్నావురా?" అని ఒకరోజు గుమ్మంలో నిలబడి అడిగింది.

శాస్త్రం తెలియనివాళ్లతో వాదన దండగని కోచ్ గారు కళ్లు తెరవలేదు.

ఆయన భార్య లాడ్జీల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పదకొండేళ్లుగా ఇస్త్రీ చేస్తోంది. రోజుకు నూట ఇరవై దుప్పట్లు తేల్చగలిగిన మనిషికే అక్కడ కిటికీ పక్క బల్ల దక్కుతుంది. మిగతా బల్లలన్నీ ఆవిరి గొట్టాల పక్కనే. వాటి దగ్గర నిలబడితే దుప్పటితోపాటు మనిషీ ఉడుకుతుంది. ఏడేళ్లు ఉడికాక ఆవిడకు ఆ కిటికీ వచ్చింది. ఇప్పుడు కుడి భుజం పట్టేసి, లెక్క డెబ్బైకి పడిపోయింది. సోమవారానికి మళ్లీ నూట ఇరవై కాకపోతే ఆ బల్ల కొత్తగా చేరినామెకి ఇచ్చేస్తానని లాండ్రీ యజమానురాలు నవ్వుతూనే చెప్పింది. ఇస్త్రీపెట్టె జరిపితే జరిపావు గాని, వారంపాటు ఆ చేత్తో బరువెత్తొద్దని డాక్టరు చెప్పాడు. కింది కుళాయి నుంచి రెండో అంతస్తుకు పూటకు నాలుగు బకెట్లు మోసేది ఏ చెయ్యో డాక్టరు అడగలేదు, ఆ చెయ్యేనని ఆవిడ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆవిడ బంతి ఒక్క పావుగంట ఇమ్మని అడిగింది. కోచ్ గారు దాన్ని ఒళ్లోకి తీసుకుని, చిన్నపిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పారు.

"ఇది వ్యాయామపు నొప్పికి. నీది పని నొప్పి. రెండూ ఒకటి కాదు."

ఆవిడ బకెట్టు తీసుకుని కిందికి వెళ్లింది. ఆ మాట మాత్రం పై అంతస్తుకు వెళ్లింది.

మర్నాడు పొద్దున అక్క రెండు ఖాళీ బకెట్లు తెచ్చి తమ్ముడి కాళ్ల దగ్గర పెట్టింది. డాక్టరు మాట చెప్పి, వారంపాటు నీళ్లు ఎవరు తేవాలని అడిగింది. అసలు జనానికి బకెట్టు మోయడమే రాదని, మోకాళ్లు వంచి నడుం నిటారుగా ఉంచి ఎత్తితే పదహారు బకెట్లయినా పువ్వులేనని కోచ్ గారు సెలవిచ్చారు. ఆవిడ వెంటనే మెట్ల దగ్గరికి వెళ్లి, బస్సు బయలుదేరుతోందని చెప్పే గొంతుతో మూడంతస్తులకూ వినిపించింది.

"కోచ్ గారు బకెట్లు మోసే పద్ధతి చూపిస్తారట. నేర్చుకునేవాళ్లు రండి."

జనం వచ్చారు. ఇన్నాళ్లూ ఆయన కనబడితే తప్పుకున్నవాళ్లంతా గోడకు ఆనుకుని శ్రద్ధగా నిలబడ్డారు. అంతటి సభను నిరాశపరచడం కోచ్ గారి వల్ల కాలేదు. మొదటి బకెట్టుకు ఉపన్యాసం కూడా ఉంది. మూడోదానికి ఊపిరి మాత్రమే మిగిలింది. నాలుగోది మెట్ల మీదే సగం ఒలికింది. సాయంత్రం కూడా జనం వచ్చారు. మర్నాడూ వచ్చారు. పింఛను తీసుకునే ముసలాయన ఒకరు ఏకంగా స్టూలు తెచ్చుకున్నారు.

నాలుగో రోజుకు కోచ్ గారి వీపులో ఇన్నేళ్లుగా అజ్ఞాతంగా బతికిన కండరాలన్నీ ఒక్కొక్కటిగా తమ ఉనికి తెలియజేశాయి. వంటింట్లో చార్జింగు తీగ వేలాడుతోంది. మూడు సాయంత్రాలుగా సభల సందడిలో ఆయన మరిచిన బంతి మాత్రం లేదు. అక్క దాన్ని మొదటిరోజే మరదలి సంచీలో పడేసింది. లాండ్రీలో మధ్యాహ్నం పూట అది ఆవిడ భుజానికీ కిటికీ పక్క గోడకీ మధ్య తిరిగి, తర్వాత గొట్టాల పక్క నిలబడేవాళ్ల నడుములకూ పిక్కలకూ తిరుగుతోంది. పని నొప్పికి పనికిరానన్న సంగతి పాపం దానికెవరూ చెప్పలేదు.

భుజాన్ని సడలించింది బంతో, ఎత్తని బకెట్లో ఆవిడకు తెలుసు. అడిగిన వాళ్లకు మాత్రం బంతేనని చెప్పింది. మొగుడి పరువు కాస్త మిగలాలిగా.

సోమవారం నూట ఇరవై మూడు దుప్పట్లయ్యాయి. బల్ల కదల్లేదు.

ఆవిడ ఇంటికి వచ్చేసరికి కోచ్ గారు నేల మీద బోర్లా పడుకుని ఉన్నారు. పరుగుపందెం జాబితాలోంచి పేరు కొట్టించుకుని వచ్చారట. బంతి ఎక్కడని నేలనే అడిగారు.

"బల్ల దగ్గరే ఉందండీ. అక్కడ అందరూ వాడుతున్నారు. మీదిప్పుడు పని నొప్పే కాబట్టి, రేపు తెచ్చిపెడతాలెండి," అంది ఆవిడ సంచీ దించి.

ఆయన లేవబోయి, ఆ ఆలోచన మానుకున్నారు.

"అన్నట్టు, సాయంత్రం నీళ్లింకా తేలేదేంటండీ? స్టూలేసుకుని ముసలాయన ఎదురుచూస్తున్నారు."