మూడు చేతుల పాట

మా వదిన పోయిందన్న వార్త నాకు జహీరాబాద్‌లో తెలిసింది. నారాయణఖేడ్ నుంచి వచ్చిన తొలి బస్సు కండక్టరు మా గల్లీ దాకా నడిచి వచ్చి, గడప బయటే నిలబడి చెప్పాడు.

"అక్కా, మీ వదిన ఇగ లేదు. పొద్దుగాల పొయ్యి ముట్టిస్తుంటే గట్లనే పక్కకు ఒరిగిందంట. నిన్ను జల్దీ రమ్మన్నడు మీ అన్న."

అతను వెళ్ళబోతూ ఆగాడు. "నా పెండ్లిల వాయించింది మీ అన్న, వదినే. మా అమ్మ ఇప్పటికీ గా పొద్దు గురించి చెప్తనే ఉంటది" అని, తల దించుకుని వెళ్ళిపోయాడు.

వదినను మట్టిలో పెట్టి వచ్చి ఇంకా నెల కాలేదు. కల్హేర్, కంగ్టి ఊళ్ళ వాళ్ళకూ, సరిహద్దు అవతలి కన్నడ పల్లెల వాళ్ళకూ ఆమె ఎవరో చెప్పనక్కర్లేదు. తెలియని వాళ్ళ కోసం మొదటి నుంచీ చెబుతాను.

వాళ్ళిద్దరినీ జనం 'కరెంటు పాటలోళ్ళు' అనేవారు. మా అన్న కరెంటుతో పలికే ఆర్గాన్ వాయించేవాడు. వదిన తాళం పెట్టె వాయించేది. పాడేవాళ్ళు లేరు, డోలు లేదు, సన్నాయి లేదు. ఇద్దరు మనుషులు, రెండు యంత్రాలు, అంతే.

అన్న చిన్నప్పుడు మా ఊరి చర్చిలో హార్మోనియం నేర్చుకున్నాడు. బతుకుదెరువుకు బొంబాయి పోయి, వాయిద్యాలు బాగుచేసే దుకాణంలో కొన్నేళ్ళు పనిచేశాడు. డెబ్బైల చివర్లో తిరిగి వచ్చినప్పుడు ఆ దుకాణం వాళ్ళు పక్కన పెట్టేసిన పాత ఆర్గానూ, ఒక చిన్న ఇనుప పెట్టెనూ వెంట తెచ్చుకున్నాడు. ఆ మరుసటి వేసవిలోనే కల్హేర్ రైతు బిడ్డతో అతని పెళ్ళయింది. కాపురానికి వచ్చిన రోజు వదిన ఆ ఆర్గాన్‌ను చుట్టూ తిరిగి చూసి, "నాకంటే ముందుగాల వచ్చింది గిదేనా? అయితే గిది నా సవతి" అంది. చివరిదాకా దాన్ని సవతి అనే పిలిచింది. రోజూ తడిబట్టతో దాని మెట్లు ఒక్కొక్కటే తుడుస్తూ, "లే సవతీ, మొఖం కడుక్కో" అనేది.

ఆ ఇనుప పెట్టెలో మీట నొక్కితే తాళం దానంతట అదే మోగుతుంది. అన్న దాన్ని గొప్పగా మోగించి చూపిస్తే వదిన కాసేపు విని పెదవి విరిచింది.

"గిది మనిషి లెక్క కొడ్తలేదు. అలుపు లేదు, ఊపిరి లేదు. ఎట్ల వింటరు దీన్ని?"

పెట్టె అంచున వరసగా చిన్న బొత్తాలున్నాయి. ఒకటి నొక్కితే డప్పులా, ఒకటి తాళంలా, ఒకటి గజ్జెలా పలుకుతుంది. వదిన మీట ఆపేసి, ఆ బొత్తాల మీద వేళ్ళు పెట్టింది. బియ్యం చెరిగేటప్పుడు చేట లయ ఎలా మారుతుందో అలా, కాస్త ఆగి, కాస్త తొందరపడి వాయించింది. అన్న నోరు తెరిచి చూస్తుండిపోయాడు. ఆ రోజు నుంచి వాళ్ళు ఇద్దరయ్యారు.

మొదటి పెళ్ళి కంగ్టిలో. పందిట్లో పెద్దమనిషి ఒకాయన అందరికీ వినబడేలా, "ఆడిది స్టేజి మీద కూసుంటదా?" అన్నాడు. వదిన కొంగు నడుముకు దోపుకుంటూ, "కూసోవద్దంటే నిలబడి కొడ్త పెదనాయినా, నాకేం తక్లీఫ్ లేదు" అంది. పందిరంతా నవ్వింది. ఆ తర్వాత అన్న మొదటి స్వరం పట్టుకున్నాడు. అటువంటి శబ్దం ఆ ఊరు అంతకు ముందు వినలేదు. గొంతు కాదు, వేణువు కాదు. సన్నగా మొదలై గుండె కింద ఎక్కడో వణికింది. దాని అడుగున వదిన తాళం నడుస్తూ వచ్చింది. వడ్డన చేస్తున్నవాళ్ళు గంటెలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ పెద్దమనిషి చివరిదాకా కదలలేదు.

ఆ తర్వాత ఐదారేళ్ళు వాళ్ళకు తీరిక లేదు. బీదర్‌లో ఒక రికార్డింగు గదికి వెళ్ళి పెళ్ళి పాటల క్యాసెట్టు చేశారు. అది ప్రతి చాయ్ హోటల్లో మోగింది.

అప్పుడు అన్నకు పక్షవాతం వచ్చింది. అన్నం ముందు కూర్చుని ముద్ద కలపబోతే చెయ్యి లేవలేదు. కుడి చెయ్యి పూర్తిగా పోయింది, కాలు కొంత మిగిలింది. దవాఖాన నుంచి వచ్చాక ఆర్గాన్‌ను గోనెసంచుల్లో చుట్టించి, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. ఆ ఇంట్లో ఇక పాట పేరెత్తితే పళ్ళెం విసిరేసేవాడు. ఎవరైనా చూడవస్తే గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

వదిన కూలికి పోయింది. పెసర ఏరడం, కంది కోయడం, పత్తి తీయడం, ఏ పని దొరికితే అది. ఎండకు నల్లబడి, అరచేతులు బండబారాయి. నేను ఆదివారాలు వెళ్ళినప్పుడు ఆమె అన్నకు అన్నం కలిపి పెడుతూ కనిపించేది. ఒక్కసారీ నా దగ్గర ఏడవలేదు. "పరేషాన్ గాకు పిల్లా, మీ అన్న ఇంకా లోపల వాయిస్తనే ఉన్నడు. నిద్రల ఎడమ చెయ్యి ఏళ్ళు కదుల్తయి, నేను చూస్తున్న గదా" అనేది.

ఏళ్ళు గడిచాయి. పెళ్ళిళ్ళలోకి కొత్త కొత్త కీబోర్డులు వచ్చాయి. కరెంటు పాటలోళ్ళను అడిగేవాళ్ళు లేకుండా పోయారు.

ఆ రోజుల్లోనే వదిన మాకెవరికీ చెప్పకుండా ఒక పని మొదలుపెట్టింది. కూలి లేని మధ్యాహ్నాలు పాస్టరు అయ్యగారిని అడిగి చర్చి తలుపు తీయించుకుని, హార్మోనియం ముందు కూర్చునేది. ఎడమ చేత్తో గాలి కొడుతూ, కుడి చేత్తో అన్న వాయించిన వరసలు వెతుక్కునేది. నేర్పినవాళ్ళు లేరు. ఏళ్ళ తరబడి అతని పక్కన కూర్చుని విన్నది చెవిలో ఉంది. వేళ్ళకు దారి తెలియాలి, అంతే. అది ఎంత కష్టమో ఆ బండబారిన వేళ్ళకే తెలుసు.

ఒక ఆదివారం హార్మోనియం వాయించేవాడు రాలేదు. పాస్టరు అయ్యగారు వదిన వైపు చూశారు. ఆమె లేచి వెళ్ళి కూర్చుంది. అన్న నా పక్కనే బల్ల మీద ఉన్నాడు. మొదటి వరసకే అతని ముఖం ఎర్రబడింది. ఆ వాయింపు అతనిదే. ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ విరుస్తాడో, అన్నీ అతనివే. అందరి ముందు తన చెయ్యి వేరే ఒంటికి మొలిచినట్టు అతనికి అనిపించి ఉంటుంది.

ఇంటికి వచ్చాక అరిచాడు. "నేను సచ్చిన్ననుకున్నవా? నా పాట నువ్వు గుంజుకుంటవా?"

వదిన చెప్పులు విడుస్తూ నెమ్మదిగానే అంది. "గుంజుకుంటలేను. మోస్తున్న. కుడి చెయ్యే గదా పోయింది నీది. ఎడమ చెయ్యి ఏం జేస్తుంది మరి? గోడకు ముగ్గేస్తుందా?"

వదిన లోపలికి వెళ్ళి గోనెసంచులు విప్పింది. సవతి ముఖం తుడిచి, తీగ తగిలించింది. ఆర్గాన్ గుర్రుమంది. ఆమె కుడివైపు కూర్చుని, ఎడమవైపు చోటు వదిలి, ఒక వరస ఎత్తుకుంది. కొంచెం వాయించి ఆగింది. మళ్ళీ అదే వరస. నేను గుమ్మంలో నిలబడ్డాను. అన్న కాలు ఈడ్చుకుంటూ వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. "ఆడ తప్పు కొడ్తున్నవే" అని కసురుకున్నాడు. ఎడమ చెయ్యి ఎత్తి మంద్రంలో మెట్లు నొక్కాడు. నొక్కి, వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే చెయ్యి తీయలేదు. వదిన ఖాళీగా ఉన్న తన ఎడమ చేతిని ఆర్గాన్ పైనున్న తాళం పెట్టె మీదికి చేర్చింది. ఆ ఇంట్లో మూడు చేతులు ఒక్క మనిషివిలా పలకడం నేను కళ్ళారా చూశాను. అటువంటిది మళ్ళీ చూడలేదు.

తొంభైల మొదట్లో వాళ్ళు రెండో క్యాసెట్టు చేయడానికి బీదర్ వెళ్ళారు. అన్నను పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను. ఆ గది యజమాని వాళ్ళను గుర్తుపట్టాడు కానీ ఆర్గాన్‌ను చూసి తల అడ్డంగా ఊపాడు.

"అమ్మా, ఇప్పుడు గీ డబ్బా ఎవరు వింటరు? పైగా ఒకటే గుర్రుమంటుంది."

"ఉండనీ అన్నా. గది దాని గొంతు. మాకు ముసలితనం వస్తే దానికి రాదా?" అంది వదిన.

ఈసారి అందులో పెళ్ళి పాటలు లేవు. కూలికి పోయిన ఏళ్ళలో వదిన విన్న కలుపు పాటలు, కోత పాటలు, చెరుకు నరకడానికి వలసపోయే కంగ్టి ఆడవాళ్ళు లారీ ఎక్కుతూ తీసే రాగాలు ఉన్నాయి. వాటిని అన్నకు పాడి వినిపిస్తే అతను స్వరాలు కట్టాడు. మాటలు లేవు. అయినా వింటుంటే కంది చేలో గాలి వీచినట్టుండేది, దూరంగా ఎవరో పిలిచి మళ్ళీ పిలవనట్టుండేది. ఆ పాత యంత్రంలో ఇంత మంది మనుషులు ఎక్కడ దాక్కున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మధ్యలో అన్న చెయ్యి పట్టు తప్పింది. "నాతోని గాదు, బంద్ చెయ్యి" అన్నాడు. వదిన అతని వైపు తిరగను కూడా లేదు. తాళం ఒక్కటే అలా కొడుతూ కూర్చుంది. "నువ్వు వచ్చిందాకా నేను ఈడనే తిరుగుత. నిమ్మళంగ రా" అంది. తాళం తిరిగింది, తిరిగింది. అన్న చెమట తుడుచుకుని మళ్ళీ అందుకున్నాడు. ఆ ఎదురుచూపు క్యాసెట్టులో అలాగే ఉంది. తీసేద్దామా అని యజమాని అడగలేదు. పాటలన్నీ అయ్యాక చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. లేచి వచ్చి "అమ్మా, చాయ్ తాగుతరా?" అన్నాడు.

ఆ క్యాసెట్టు ఎంత దూరం పోయిందో నేను చెప్పలేను. వలస పోయేవాళ్ళు వెంట తీసుకుపోయారని విన్నాను. ఒకసారి కంగ్టి నుంచి ఒక ముసలామె ఇంటికి వచ్చి, వదిన చేతులు రెండూ పట్టుకుని, "మా అమ్మ పాట నీకెట్ల దొరికింది బిడ్డా?" అని అడిగింది. వదిన ఆమెకు సాసర్లో చాయ్ పోసి ఇచ్చింది. ఇద్దరూ గడప మీద కూర్చుని తాగారు.

వదిన గుర్తొస్తే నాకు ముందు కళ్ళలో మెదిలేది కల్హేర్ సంత. క్యాసెట్టు వచ్చాక మొదటిసారి నలుగురి ముందు కూర్చున్నది అక్కడే. పిండి గిర్ని నుంచి కరెంటు తీగ లాగి, రెండు బల్లలు కలిపి ఆర్గాన్ పెట్టారు. ఆ ఏడు వాన జాడ లేదు, విత్తనాలు ఇళ్ళలోనే ఉన్నాయి. కూరగాయల గంపల మధ్య, మేకల మధ్య జనం నిలబడి వింటున్నారు. కోత పాట సగంలో ఉండగా ఒక్కసారిగా చల్లగాలి కొట్టి, పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి.

"కరెంటు! షాక్ కొడ్తది, బంద్ చెయ్యిండ్రి!" అని ఎవరో అరిచారు.

బట్టలమ్మే అతను తన దుకాణం మీద కప్పిన తాటిపత్రి పట్టా ఊడబీకి తెచ్చాడు. నలుగురు పరుగెత్తి అంచులు పట్టుకున్నారు, తర్వాత ఇంకొందరు. అన్న, వదిన, ఆ రెండు యంత్రాలు దాని కింద పొడిగా ఉన్నారు. వదిన తల ఎత్తి ఒకసారి పైకి చూసి, నవ్వి, తాళం వేగం పెంచింది. చుట్టూ పట్టుకున్నవాళ్ళ మోచేతుల మీదుగా నీళ్ళు చొక్కాల్లోకి కారుతున్నాయి. ఒక్కరూ అంచు వదల్లేదు. సంత అంతా అలాగే నిలబడి, తొలి వానలో తడుస్తూ వింది.